హేరోదు భటులు

చొక్కాలు ఇచ్చింది హేమలతే. తర్వాత చర్చి సంఘంలో ఎవరి నోటికొచ్చింది వాళ్లన్నారు. సైతాను పని అన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆమె మాత్రం ఈ ఒక్క సంగతి ఎవరి మీదికీ నెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం కొత్తగూడెంలో చర్చి వెనక హాల్లో రిహార్సల్ జరుగుతోంది. అందరూ డిగ్రీ చదివే పిల్లలే, ఏడుగురు. వాళ్లను నడిపించే శ్రీధర్ బీఈడీ చేస్తున్నాడు, అందరికీ అన్న. వేసవి సెలవుల్లో ఊరూరా తిరగడం, పిల్లలకు యాక్షన్ సాంగ్స్ నేర్పడం, చివరి రోజు నాటిక వేయడం వాళ్ల పరిచర్య. ఈసారి వెళ్తున్నది నెమలివాగు గుంపుకి. ఛత్తీస్‌గఢ్‌లో తుపాకుల మధ్య బతకలేక అడవి దాటి వచ్చిన కోయవాళ్లు అక్కడ ఇరవై ఏడు గుడిసెలు వేసుకొని ఉన్నారు. అది అడవి భూమని ఆ గుడిసెలను పోయినేడు రెండుసార్లు పీకారు. రెండుసార్లూ వాళ్లు మళ్లీ వేసుకున్నారు.

శ్రీధర్ ఎంచుకున్న కథ హేరోదు రాజుది. బేత్లెహేములో పసిపిల్లల్ని చంపమని రాజు భటుల్ని పంపడం, మరియ యోసేపులు బాలయేసును ఎత్తుకొని ఐగుప్తుకు పారిపోవడం.

"యేసయ్య గూడ వలసపోయినోడే అని ఆ పిల్లలకు తెల్వాలె," అన్నాడు శ్రీధర్. అంటూ కళ్లు తుడుచుకున్నాడు. దొంగ ఏడుపు కాదు, అతనికి నిజంగానే ఏడుపొస్తుంది.

భటులకు అట్టముక్కల టోపీలు, ఎర్ర దుప్పట్లు తెచ్చారు. సాయికిరణ్ అవి వేసుకొని చేతులు చాపాడు. "నేను భటుణ్ణా అన్నా, పెండ్లిల బ్యాండు కొట్టెటోణ్ణా?"

అందరూ పడీపడీ నవ్వారు. శ్రీధర్ నవ్వలేదు. "పిల్లలు గూడ గిట్లనే నవ్వుతరు. మన ఏరియాల భటులు ఎట్లుంటరో గట్లుండాలె. రియల్‌గ."

"మా ఇంట్ల ఖాకీ చొక్కాలున్నయన్నా," అంది హేమలత. శ్రీధర్ మొహం వెలిగిపోయింది. అది చూసి ఆమెకు సంతోషమేసింది కూడా.

హేమలత తండ్రి రూప్లా ఫారెస్టు రేంజ్ ఆఫీసులో కాంట్రాక్టు వాచర్. ఆమె ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో కూర్చొని బూట్లకంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాడు.

"రెండు చొక్కాలు కావాలె బా," అంది. తండాలో తండ్రిని అలాగే పిలుస్తారు. "డ్రామాకు."

"ఏ ఊర్ల?"

"నెమలివాగుల."

రూప్లా పుల్ల ఆపి ఆమె వంక చూశాడు. తర్వాత లేచి, దండెం మీది చొక్కాలు రెండూ తీసి, గుండీ ఊడిన చోట పిన్నీసు గుచ్చి, మడత పెట్టి ఇచ్చాడు. "జాగర్త," అన్నాడు. చొక్కాల గురించే అనుకుంది హేమలత.

ఆమె మనసు నాటిక మీద కూడా లేదు, దేవె మీద ఉంది. దేవె నెమలివాగు పిల్ల, తొమ్మిదేళ్లు. మిర్చి ఏరడానికి తల్లి వెంట చేలకు పోయి తెలుగు నేర్చింది. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం హేమలత వెళ్లి అక్షరాలు దిద్దిస్తే, గుణింతాలన్నీ మింగేసినట్టు నేర్చేసుకుంది. ఆశ్రమ పాఠశాల వార్డెన్ సీతారావమ్మ చుట్టూ హేమలత ఎన్ని సార్లు తిరిగిందో లెక్కలేదు. కాగితాల్లేవు, కులం సర్టిఫికెట్టు లేదు, ఎట్ల చేర్చుకుంటమమ్మా అంటూ అంటూ, చివరికి ఆమె విసిగిపోయి ఒప్పుకుంది. ఒక్క సీటుంది. సోమవారం సాయంత్రం నాలుగింటిలోపు తల్లి గానీ తండ్రి గానీ వచ్చి వేలిముద్ర వేయాలి. లేకపోతే సీటు వేరే పిల్లకు పోతుంది.

*

శనివారం పొద్దు వాలుతుండగా నాటిక మొదలైంది. పెద్దవాళ్లు పనుల నుంచి వచ్చేదాకా ఆగారు. రెండు కర్రల మధ్య పాత చీర కట్టి తెర చేశారు. బ్యాటరీ స్పీకరు ఒక రాయి మీద పెట్టారు. పిల్లలు ముందు వరసలో బిస్కెట్ ప్యాకెట్లు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు, ఎవరూ చింపలేదు. ఇంటికి పట్టుకుపోదామని.

కథ చెప్పేది హేమలత. ఒక్కో మాట ఆమె తెలుగులో చెబితే, పక్కన నిలబడ్డ దేవె మైకు అందుకొని కోయలో చెబుతుంది. ఆ ఏర్పాటు శ్రీధర్‌దే, నిజంగా మంచి ఏర్పాటే. పొద్దుటి నుంచి దేవె కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"అక్కా, బడిల అన్నం రోజు పెడ్తరా? ఆదారం గూడ?"

"ఆదారం గుడ్డు గూడ పెడ్తరు."

"నా పెట్టెకు తాళం ఉంటదా?"

"ఉంటది."

"తాళంచెవి నా కాడనే ఉంటదా, మేడం కాడ ఉంటదా?"

"నీ కాడనే, పో. మైకు సరిగ్గ పట్టుకో."

శ్రావణి మరియగా చంటిబొమ్మను ఊపుతుంటే ఆడవాళ్లు మురిసిపోయారు. దేవె తల్లి హిడ్మె వెనక వరసలో కూర్చొని, కూతురు మైకులో మాట్లాడినప్పుడల్లా పక్కామెను మోచేత్తో పొడుస్తోంది. హేరోదుగా గోపాలు మీసం మెలేస్తే పిల్లలు కిలకిలా నవ్వారు.

భటుల ప్రవేశం మాత్రం తెర వెనక నుంచి కాదు. చర్చిలో ఈ నాటిక వేసినప్పుడు భటులు వెనక తలుపు నుంచి జనం మధ్యగా వస్తే అందరూ ఉలిక్కిపడ్డారు, తర్వాత తెగ మెచ్చుకున్నారు. అందుకని ఇక్కడా అలాగే పెట్టారు. సాయికిరణ్, ఇంకొకడు ఖాకీ చొక్కాలు తొడుక్కొని, కర్రలు పట్టుకొని, అడవి బాట వైపు నుంచి వచ్చారు. వస్తూ వస్తూ సాయికిరణ్ మొదటి గుడిసె రేకు మీద కర్రతో ఫట్టున కొట్టాడు.

"ఇండ్లల్ల ఉన్నోళ్లంత బయటికి రండి! పిల్లల్ని తీస్కొని రండి!"

హేమలత ఆ మాటను మైకులో మళ్లీ చెప్పింది. అది ఆమె పని. దేవె మైకు అందుకుంది. అటు తిరిగి చూడకుండానే, తప్పు పోకుండా, గట్టిగా, స్పష్టంగా కోయలో చెప్పేసింది.

చెప్పాక తిరిగి చూసింది.

ఎవరూ అరవలేదు. ఒక్క కేక లేదు, ఏడుపు లేదు. జనం లేచారు, గుడిసెల్లోకి వెళ్లారు, వచ్చేశారు. ఒకరి చేతిలో కుండ, ఒకరి భుజాన గొడ్డలి, ఒకరి నెత్తిన విత్తనాల మూట. ఏది ఎవరు పట్టుకోవాలో ముందే తెలిసినట్టుంది. చంటిపిల్లల నోళ్లకు తల్లుల అరచేతులు అడ్డంగా ఉన్నాయి. హిడ్మె వచ్చి దేవె చెయ్యి పట్టుకొని గుంజింది. మైకు కింద పడి కీచుమంది.

"డ్రామా! డ్రామా! ఉత్తదే!" అని అరుస్తూ సాయికిరణ్ వాళ్ల వెంట పరుగెత్తాడు. పాపం, మంచికే పరుగెత్తాడు. చేతిలో కర్ర ఉందన్న సంగతి వాడికి గుర్తు లేదు.

పది నిమిషాల్లో ఇరవై ఏడు గుడిసెలు ఖాళీ. నేల మీద బిస్కెట్ ప్యాకెట్లు పడి ఉన్నాయి. శ్రావణి చంటిబొమ్మను చంకనేసుకొని అలాగే నిలబడి ఉంది.

*

ఆదివారం ఆరాధనలో శ్రీధర్ సాక్ష్యం చెప్పాడు. నలభై మంది పిల్లలు మొదటిసారి యేసయ్య పేరు విన్నారని చెప్పాడు. తెర మీద వీడియో వేశాడు. హేరోదు మీసం మెలేసే దాకా వేసి, అక్కడ ఆపేశాడు. జనం హల్లెలూయా అన్నారు.

బయటికి వచ్చాక హేమలత అతన్ని పట్టుకుంది. "మిగిలింది చెప్పలేదేందన్నా?"

"రాత్రంత నిద్ర లేదు హేమా. ఏడ్చిన. ప్రార్థన చేసిన." నిజమే, కళ్లు ఉబ్బి ఉన్నాయి. "కానీ మనం ఎవర్నీ పొమ్మనలే గదా. ఆళ్లే భయపడ్డరు. అది గూడ చెప్తే సంఘం మల్ల మనల్ని పంపుతదా?"

ఆమె అక్కడి నుంచే బస్సెక్కి నెమలివాగు వెళ్లింది. గుంపులో మనుషులు లేరు గానీ కోళ్లున్నాయి. సాయంత్రం చెట్లెక్కిన కోళ్లు చీకట్లో దొరకలేదేమో, వాటి కోసం హిడ్మె, దేవె తిరిగి వచ్చారు. హిడ్మె గింజలు చల్లి, వంగి, ఒక్కొక్కదాన్ని రెక్కల కింద ఒడుపుగా పట్టుకొని కాళ్లు కడుతోంది. హేమలతను చూసి దేవె వెళ్లి తల్లి వెనక నిలబడింది. నిన్నటిదాకా ఎదురొచ్చి చెయ్యి పట్టుకునే పిల్ల.

"అక్కా, అది డ్రామా. మా పోరగాళ్లే. పోలీసోళ్లు కాదు, ఫారెస్టోళ్లు కాదు," అంది.

"తెల్సింది," అంది హిడ్మె. "వాగు దాటినంక తెల్సింది. దేవె చెప్పింది."

"మరి మల్ల రారాదు?"

హిడ్మె ఆ మాటకు నవ్వింది. "ఇయ్యాల డ్రామా. రేపు?" కోడి కాళ్లకు ముడి బిగించింది. "మా అన్న గుంపున్నది, బండలవాగు కాడ. ఆడ గుడిసె ఏస్కుంటం."

"దేవె సీటు అక్కా. రేపు నాలుగింటికి."

"రేపు కాదు. సామాను మొయ్యాలె. బుధారం సంతకు వస్త గదా, అప్పుడు ఏలు ఏస్త." ఇంకో కోడిని అందుకుంటూ, "ఒక్క పిల్లన్న గోడలున్న ఇంట్ల పండాలె," అంది.

హేమలత అక్కడే నిలబడి సీతారావమ్మకు ఫోన్ చేసింది. బతిమాలింది. తల్లికి జ్వరమని అబద్ధం కూడా ఆడింది. "బుధవారం మధ్యాహ్నం పన్నెండు, అంతే. ఆపైన నన్ను అడగకు," అంది సీతారావమ్మ. ఆ మాట చెబితే దేవె తన తల్లి వెనక నుంచి తల బయట పెట్టింది. పోతూ పోతూ ఒక కోడిని హేమలత చేత మోయించింది.

*

సోమవారం సాయంత్రం రూప్లా మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చాడు.

"రేంజర్ సార్ ఇచ్చిండు. నీకే," అన్నాడు.

"నాకెందుకు?"

రూప్లా చొక్కా విప్పి దండెం మీద వేసి, చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. అరచేతుల నిండా వెదురు గీతలు. పొద్దుటి నుంచి నెమలివాగులో ఖాళీ గుడిసెలు పీకి, వాసాలు ట్రాక్టరుకు ఎత్తారట. మళ్లీ ఎవరూ వేసుకోకుండా చుట్టూ కందకం తవ్వుతున్నారట.

"మూడేండ్ల సంది మాతోని కానిది నీ బిడ్డ ఒక్క పొద్దుల చేసిందిరా అన్నడు సార్. అందరి ముందట అన్నడు."

హేమలత డబ్బా వంక చూసింది. పైన గులాబీ రంగు దారం కట్టి ఉంది.

"బా, ఆ చొక్కాలు చూస్తే ఆళ్లు ఉరుకుతరని నీకు తెల్సా?"

"తెల్సు."

"తెల్సి ఇచ్చినవా!"

"ఇచ్చిన."

"చెప్పొద్దా నాకు? నోట్ల మాట లేదా?"

"చెప్తే ఏమయితుండె?" రూప్లా గొంతు పెంచలేదు. "ఈ వారం జేసీబీ పోవుడు ఎట్లయినా ఉండె. పోయినేడు పీకినప్పుడు ఒక బాలింత గుంజను పట్టుకొని ఇడువలే. ఆమె ఏళ్లు ఒక్కొక్కటి నేనే ఇడిపిచ్చిన, ఈ చేతులతోని. మల్ల అది నాతోని కాదు బిడ్డా. ఈసారి ఎవ్వరి మీద చెయ్యి పడలే, ఎవ్వరికి నెత్తురు రాలే. నేనైతే దండం పెట్టుకున్న."

తిట్టాలనుకుంది. ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవాలి, రావడం లేదు, అందుకు తన మీదే కోపమొచ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. శ్రీధర్.

"హేమా, దేవుడు ఎంత మంచోడు చూడు! రేంజర్ సార్ మన పాస్టర్ గారికి ఫోన్ చేసిండంట. మన ప్రోగ్రాం చానా మంచిగుందంట. బుధారం పొద్దుగాల బండలవాగుల పెట్టమన్నడు. జీపు ఆయనే ఇస్తడు, స్టాఫు నలుగురు తోడొస్తరు. చొక్కాలు గూడ ఇస్త అన్నడు గానీ నేనే వద్దన్న. తప్పు మల్ల చెయ్యొద్దు గదా."

"అన్నా, ఆ జీపు చూస్తె చాలు. నెమలివాగోళ్లు అక్కడనే ఉన్నరు. ఆయన మన ప్రోగ్రాం కోసం ఇస్తలేడు. మనల్ని ముందట పెట్టి ఎల్లగొడ్తున్నడు. నీకు సమజయితలేదా?"

"అన్ని అట్ల అనుమానంగ చూస్తే ఎట్ల హేమా? పాస్టర్ గారు మాట ఇచ్చేసిన్రు. దేవుడు తెరిచిన తలుపు మనం మూస్తమా? నీకు ఇష్టం లేకుంటే రాకు. కథ శ్రావణి చెప్తది."

ఫోన్ పెట్టేశాక రూప్లా అడిగాడు, "ఏమంటుండు?"

"బుధారం బండలవాగు పోతరంట. జీపుల."

రూప్లా వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "వచ్చే సోమారం మాకు అక్కడనే పీకే డ్యూటీ పడ్డది. మీరు బుధారం పోతే ఇగ ఆ పని ఉండది," అన్నాడు. అతని భుజాలు దిగాయి. "అయితే సోమారం నేను లీవు పెట్టుకుంట."

*

మంగళవారం మొదటి బస్సుకే బయల్దేరింది. దారంతా ఒకటే ఆలోచన. ఇవాళే తల్లీబిడ్డల్ని తీసుకొని బడికి పోతే? ముందు వేలిముద్ర వేయించి, పిల్లను లోపలికి పంపి, జీపు సంగతి ఆ తర్వాత చెబితే? ఎవరికి నష్టం? పిల్ల బాగుపడుతుంది. ఇంతకన్నా తెలివైన పని లేదనిపించింది. బస్సు దిగి నడుస్తుంటే మాత్రం తండ్రి గొంతు వినబడుతూనే ఉంది. తెల్సు, అన్నాడు ఆయన, అంత నెమ్మదిగా.

బండలవాగు దగ్గర హిడ్మె నేల మీద గొంతుక్కూర్చొని తడిక అల్లుతోంది. నాలుగు గుంజలు పాతారు, మూడు పక్కలా తడికలు లేచాయి, నాలుగోది ఆమె మోకాళ్ల కింద ఉంది. వెదురు బద్ద ఒకదాని కింద నుంచి, ఒకదాని పైనుంచి పోనిచ్చి, అరచేత్తో చరిచి బిగిస్తోంది. అన్న పైకప్పుకు గడ్డి కడుతున్నాడు.

"ఇయ్యాల బుధారమా అక్కా?" దేవె పరుగెత్తుకొచ్చింది. తలకు నూనె రాసి ఉంది.

"మంగళారం."

హిడ్మె తలెత్తి చూసి నవ్వింది. "నువ్వు రానే వచ్చినవు. ఇయ్యాలనే పోదమా? తడిక రేపు అల్లుకుంట."

పది గంటల బస్సుకు ఇంకా టైముంది. పదకొండున్నరకు బడి. హేమలత చెయ్యవలసిందల్లా "పోదం పా" అనడమే. నోటి దాకా వచ్చింది ఆ మాట.

"అక్కా, రేపు పొద్దుగాల జీపు వస్తది," అంది. "ఫారెస్టోళ్ల జీపు. మా డ్రామా పిల్లలు గూడ ఉంటరు గానీ, అది డ్రామా కోసం కాదు. సోమారం జేసీబీ గూడ వస్తది. మా బాపు ఆళ్ల దగ్గరనే పని చేస్తడు, అందుకే తెల్సింది. పోయినేడు మీ గుడిసెలు పీకింది గూడ ఆయనే. మొన్న మా పోరగాళ్లు ఏసుకున్న చొక్కాలు ఆయనయే. నేనే తెచ్చిన."

హిడ్మె చెయ్యి బద్ద మీద ఆగిపోయింది. హేమలత ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందేమో, ఒక దెబ్బ కొడితే బాగుండు అనుకుంది హేమలత. హిడ్మె అటు తిరిగి అన్నతో కోయలో రెండు మాటలంది. అతను గడ్డి కట్టడం ఆపి కిందికి దిగాడు. తర్వాత హిడ్మె అల్లిన బద్దలను ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోయినా వెదురు పనికొస్తుంది కదా.

"పిల్లనన్న చేర్చుదం అక్కా. ఇప్పుడు పోయి ఏలుముద్ర ఏసి రా. నేను చూసుకుంట దాన్ని. ఒట్టు."

"సెలవు ఇస్తరు గదా బడికి," అంది హిడ్మె.

"ఇస్తరు. దసరాకు, సంక్రాంతికి."

"అప్పుడు ఏ ఇంటికి తెస్తవు?"

హేమలత వంగి, కిందపడ్డ బద్ద ఒకటి తీసి మిగతావాటి పక్కన పెట్టింది.

"మేము ఏడ ఉంటమో మాకే తెల్వది. నాకు పిల్ల ఏడ దొరుకుతది? పిల్లకు నేను ఏడ దొరుకుత?" ఆమె కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆగి చూసి, మళ్లీ బద్దలు ఊడదీసింది.

దేవె ఇద్దరి మాటలూ విన్నది. అది తెలుగు బాగా నేర్చుకున్న పిల్ల, ఒక్క మాట కూడా పోలేదు. ఏమీ అడగకుండా వెళ్లి, కోళ్ల కాళ్లకు తాళ్లు కట్టడం మొదలుపెట్టింది. హేమలత పక్కన కూర్చొని ఒక కోడిని పట్టుకోబోతే, "నీకు రాదు, ఇడు," అంది.

బద్దల మోపు కట్టడంలో సాయం పట్టి, ఆ మోపు హిడ్మె నెత్తికెత్తి, వాళ్లు గుట్ట వైపు బాట పట్టేదాకా హేమలత అక్కడే ఉంది. మిగతా గుడిసెల వాళ్లు కూడా సర్దుకుంటున్నారు. ఈసారి కంగారు లేదు. వెళ్లమని చెప్పింది తెలిసిన మనిషే.

సిగ్నల్ కోసం రోడ్డు దాకా నడిచొచ్చి వార్డెన్‌కు ఫోన్ చేసింది.

"మేడం, దేవె రాదు. సీటు వేరేవాళ్లకు ఇచ్చెయ్యండి."

"నేననుకుంటనే ఉన్న," అంది సీతారావమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఈ వలసోళ్లతోని ఇదే అమ్మా. ఎంత చేసినా ఒక్క కాడ నిలవరు."

"నిలవరు కాదు మేడం, మేము నిలవనిస్తలేం," అంది హేమలత.

"సరేగానీ, నీకు తెలిసిన పిల్ల ఇంకెవరన్న ఉంటే రేపు పన్నెండు లోపల పంపు," అని సీతారావమ్మ ఫోన్ పెట్టేసింది.